పేర్లయ్య పేరు

ఏరు సముద్రంలో కలిసే మొగపేటలో, కెరటాలు లేచేది తన మొహం చూడటానికేనని నమ్మే గరికిన పేర్లయ్య ఉండేవాడు. "నేను తుమ్మితే తుఫాను దారి మళ్లింది" అనేవాడు. సొరచేపను జోకొట్టి నిద్రపుచ్చాననేవాడు.

అంతటివాడికీ ఒక వెలితి ఉండేది. పేటలో అందరికీ అతను మావో, బాబాయో, తాతో. భార్య గురమ్మ నలభై ఏళ్లలో ఒక్కసారీ మొగుడి పేరు పలకలేదు. పేరు పెట్టి పిలిచిన ఆఖరి మనిషి తల్లి. ఆవిడ పోయి పాతికేళ్లు. ఒడ్డున ఏ తల్లయినా కొడుకును కేకేస్తే పేర్లయ్య ఉలిక్కిపడి తలెత్తేవాడు.

ఆ ఎండాకాలం ఏటి నోటికి ఇసుక మేట వేసి, సముద్రంలోకి దారి మూసుకుపోయింది. మర్నాటి నుంచీ ఒక ఆడ డాల్ఫిన్ ఒడ్డు దగ్గరే తిరగసాగింది. సీసా మూతిలాంటి ముట్టె, నెత్తిమీద ఊపిరి తీసే రంధ్రం. పేర్లయ్య పడవ మీంచి తెడ్డు నీళ్లలో ముంచి, పిడికి చెవి ఆనించి నీటి లోపలి చప్పుడు విన్నాడు. సన్నటి ఈల. దాని స్వరం లేచి, వంగి, మళ్లీ లేచింది. మళ్లీ అదే. మళ్లీ అదే.

"పే...ర్ల...య్యా! వినండర్రా, నా పేరే!" అని పేటంతా చాటాడు.

"సముద్రం మొత్తానికి నువ్వే దొరికావా మావా?" అని నవ్వారు.

అతను ఆ ఈల నేర్చుకున్నాడు. వేయగానే డాల్ఫిన్ దూసుకొచ్చేది. పక్కకి ఒరిగి, ఒంటి కంటితో పడవంతా వెతికి వెళ్లిపోయేది.

"సిగ్గు పడుతోంది" అన్నాడు.

మూడో రోజు గురమ్మ ఎండుచేపలు తిరగేస్తూ అంది: "మా చెల్లి తిరనాళ్లలో తప్పిపోతే, మా అమ్మ ఇలాగే ఒకే మాట పట్టుకు తిరిగింది. అది పిల్లను పిలుస్తోందయ్యా."

"నీకు కుళ్లు!"

"ఆ ఈలతో నాకు పోటీ ఏంటయ్యా? ఒక్కో డాల్ఫిన్‌కీ ఒక్కో ఈల, అదే దాని పేరని రేడియోలో చెప్పారు. మేట వెనక ఏట్లో తెడ్డు ముంచి చూడు."

పేర్లయ్య వెళ్లలేదు. వింటే ఆ పిలుపు తనది కాకుండా పోతుందని భయం. కానీ మర్నాడు తల్లి డాల్ఫిన్ ఈల తెగి తెగి వచ్చింది. ఇక ఉండలేక ఏట్లోకి దిగాడు.

తెడ్డులోంచి అదే ఈల, దారమంత సన్నగా. ఓ మూల నీళ్లలో పిల్ల డాల్ఫిన్ తేలుతోంది. చిక్కి, తల వెనక గుంట పడింది. ఏట్లో చేపలున్నాయి. కానీ అది పాలు తాగే పిల్ల.

"నా పేరు కాదే గురమ్మా" అన్నాడు ఇంటికొచ్చి. పార అందుకుని పేటను కేకేశాడు.

పేటంతా పారలతో మేట మీద పడింది. ఆ తవ్వుడికి సముద్రమే జడిసి రెండడుగులు వెనక్కి తగ్గిందంటారు. దారి తెరుచుకుంది. పిల్ల మాత్రం హోరుకు బెదిరి కదల్లేదు. పేర్లయ్య పడవ ముందుకు తోసి, తనదనుకున్న ఆ ఈలతోనే పిల్లను పిలిచాడు. అది వెంట వచ్చింది. కెరటాల దగ్గర తల్లి దాన్ని పక్కకు చేర్చుకుంది. పేర్లయ్య వైపు చూడనైనా చూడలేదు.

అప్పుడే పెద్ద అల పడవను బోర్లా కొట్టింది. మనిషి కనబడలేదు.

"పేర్లయ్యా! ఓయ్ పేర్లయ్యా!"

ఒడ్డున గురమ్మ గొంతు చించుకుంటోంది. పడవ అంచు పట్టుకుని తల పైకెత్తిన పేర్లయ్య, "ఇదిగో, వస్తున్నానే!" అని అరిచాడు.

ఆ తర్వాత ఎన్ని సాయంత్రాలు తెడ్డు ముంచినా ఆ ఈల వినబడలేదు. గురమ్మ కూడా ఆ పేరు మళ్లీ పలకలేదు. "ఒక్కసారి పిలవవే" అని బతిమాలితే, "కూడు చల్లారిపోతోంది, రావయ్యా" అనేది. ఆ మాటలో ఎవరి కోసం ఎదురుచూపు ఉందో అతనికి ఇప్పుడు వినిపించేది.

ప్రతి పిలుపూ మన కోసమే అనుకుంటే, పిలిచేవాళ్ల బాధ మన చెవికి చేరదు.