నీలి చేపల పింగాణీ గిన్నె

అనగనగా, ఓడలన్నీ గాలిని నమ్ముకుని నడిచే కాలంలో, ముత్యాలరేవు అనే ఊరుండేది. ఆ ఊరి నావికులు చీనా దేశం దాకా వెళ్లి, వస్తూ వస్తూ ఇంటికో పింగాణీ పాత్ర తెచ్చుకునేవారు.

ఒక ఏడు పెద్ద తుఫాను వచ్చింది. పడవలు మునిగాయి. ఇళ్ల కప్పులు ఎగిరిపోయాయి. పిల్లలకు గంజి కూడా కరువైంది. ఆడవాళ్లు దాచుకున్న పింగాణీ పట్టుకుని సోమగుప్తుడి అంగడికి దారి పట్టారు.

పింగాణీ పరీక్షలో సోమగుప్తుడికి సాటి లేరు. గోటితో మీటి మోత వినేవాడు. ఎండకెత్తి అవతలి వేలి నీడ చూసేవాడు; నీడ కనబడితే అసలు పింగాణీ. అడుగు తడిమి ఏ కాలపు పాత్రో చెప్పేవాడు. అతను చెప్పిందే ధర.

తుఫానులో భర్తను పోగొట్టుకున్న తాయారు కూడా అక్కడికి వచ్చింది. ఆమె కొంగులో నీలి చేపల బొమ్మలున్న పింగాణీ గిన్నె ఒకటుంది.

ఆమెకు ముందు నూకాలమ్మ అనే ముసలామె పళ్లెం ఇచ్చింది. సోమగుప్తుడు మీటాడు. పళ్లెం గంటలా ఖంగుమంది.

"లోపల పగులుంది అవ్వా. నీ కంటికి ఆనదు" అని రెండు కుంచాల నూకలు కొలిపించాడు.

పగిలిన పాత్ర ఇంత తేటగా మోగుతుందా అనుకుంది తాయారు.

తరువాత పోలమ్మ కూజా ఇచ్చింది. ఎండకెత్తితే అతని వేళ్ల నీడ అవతలి నుంచి చక్కగా కనబడింది.

"నకిలీది. మట్టికి సున్నం పూశారు" అన్నాడు. పోలమ్మ కళ్లు తుడుచుకుని నూకలు ఎత్తుకుంది. తాయారు ఒళ్లంతా మండిపోయింది.

మూడోది తాయారు వంతు. గిన్నె అడుగు తడమగానే సోమగుప్తుడి ఊపిరి ఒక్క క్షణం ఆగింది.

"ఇది నిన్నమొన్న కాల్చింది తల్లీ" అన్నాడు.

"మా మామగారి తాత తెచ్చిన గిన్నె అండీ."

"పాపం, ఆయన్నెవరో మోసం చేశారు."

మగణ్ణి మింగిన సముద్రం మీద కూడా తాయారుకు ఇంత కోపం రాలేదు. సముద్రం ఆమెకు అబద్ధం చెప్పలేదు.

"ఇలా ఇవ్వండి. పనికిరానిది నాకెందుకు, మీకెందుకు" అంటూ గిన్నె లాక్కుని, రాతిమెట్టు మీద కొట్టడానికి ఎత్తింది. బెదిరింపు కాదు. నిజంగానే పగలగొట్టబోయింది.

సోమగుప్తుడు త్రాసు తన్నుకుంటూ ఉరికి, మోకాళ్ల మీద పడి, గిన్నె కింద రెండు చేతులూ పట్టాడు.

"వద్దమ్మా, వద్దు. రాజుగారి కోటలో కూడా ఇలాంటిది లేదు."

మరుక్షణం ఆడవాళ్ల కేకలకు రేవు అధికారి పరుగున వచ్చాడు. సంగతి విని, సోమగుప్తుడు కొన్న పాత్రలు దాచిన లోపలి గది తెరిపించాడు. నూకాలమ్మ పళ్లెం, పోలమ్మ కూజా, ఇంకా ఎందరివో పాత్రలు ఎవరివి వారికి ఇప్పించాడు. రేవులో ఇక పింగాణీ ముట్టరాదని సోమగుప్తుణ్ణి శాసించాడు. తాయారు గిన్నెను మరో వర్తకుడు సరైన ధరకు కొన్నాడు. ఆమె ఇంటికి కప్పు లేచింది.

కాని అతను పరదేశాలకు అమ్మేయగా అప్పటికే ఓడెక్కిపోయిన పాత్రలు తిరిగి రాలేదు. అవి అమ్ముకున్నవాళ్లు ఆ వానాకాలమంతా తడిశారు.

సోమగుప్తుడు ఒకనాడు తాయారు గుమ్మం ముందు నిలబడి క్షమించమన్నాడు.

"నన్నెందుకు అడుగుతావు? కప్పులేని ఆ ఇళ్లకు వెళ్లి అడుగు" అని తాయారు తలుపు వేసేసింది.

తెలియక తప్పు చెప్పినవాడికన్నా, అన్నీ తెలిసి అబద్ధం చెప్పినవాడే పెద్ద దొంగ.