ముత్తాతగారి జోలపాట

ఒకానొక రాజ్యంలో, పేరు మాత్రం అడక్కండి, వాళ్ళకి కోపమొస్తుంది, గజభూపాలుడనే రాజు ఉండేవాడు. ఆయన ముత్తాత కవి. ఆయన కట్టిన జోలపాట పాడని ఇల్లు ఆ రాజ్యంలో లేదు. పాపం, ముత్తాత పోయి నూరేళ్ళు దాటింది.

ఒకరోజు రాజుగారికి ఏం బుద్ధి పుట్టిందో, దండోరా వేయించాడు. "ఎవరు కట్టిన పాట వారి వంశానిదే! సూర్యచంద్రులున్నంత కాలం ఆ వంశం సరేనంటేనే ఇతరులు పాడాలి!"

ఆ జోలపాటతోనే బారసాలలకు తిరిగి పొట్టపోసుకునే పోలమ్మ అనే ముసలమ్మను భటులు కొలువుకు పట్టుకొచ్చారు. మళ్ళీ పాడితే రాజ్యం నుంచి వెళ్ళగొడతామన్నారు.

"నాకు వేరే బతుకు తెలీదు బాబూ!" అని ఆమె బావురుమంది.

కొలువులో ఉన్న విదూషకుడు తిప్పనకు ఒళ్ళు మండిపోయింది. ఈ శాసనం మార్పించేదాకా తలపాగా చుట్టనని అక్కడే ఒట్టు పెట్టుకున్నాడు.

"ప్రభూ, ఈ శాసనం అన్ని పాటలకూ, అందరికీనా?"

"అందరికీ! నాక్కూడా!" అంటూ మీసం దువ్వాడు రాజు.

ఆ నెలలోనే రాజుగారి మనవణ్ణి ఉయ్యాలలో వేసే వేడుక వచ్చింది. పాట పాడనిదే బిడ్డను ఉయ్యాలలో వేయకూడదని ఆ వంశాచారం. ముత్తైదువులు ఒక పాత ఉయ్యాల పాటకు గొంతు సవరించుకున్నారో లేదో, తిప్పన అడ్డం పడ్డాడు.

"అమ్మా, ఆ పాట ఎవరు కట్టారు? వాళ్ళ వంశంవాళ్ళను అడిగారా?"

పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ముహూర్తం దాటిపోతోంది.

"ఏమిటీ గోల! మా ముత్తాతగారి పాట నేనే పాడతాను" అని లేచాడు రాజు.

"ఆగండి ప్రభూ! మాటలు మీ వంశానివే. మరి వరస?"

రాజు గొంతు తగ్గించాడు. "నాట్లేసే ఆడవాళ్ళ పాట విని, ఆ వరసలోనే కట్టారని నాన్నగారు చెప్పేవారు."

"ఆ వరస ఏ తల్లి కట్టిందో! ఆమె వంశాన్ని వెతికించండి. దొరికేదాకా తమరు కూడా పాడకూడదు."

"ఓరి నీ అసాధ్యం కూలా! మరేం చేయమంటావయ్యా?"

"బతికున్నన్నాళ్ళూ పాట కట్టినవాడిదే ప్రభూ. అతని కష్టం ఇంకొకడు దోచుకోకూడదు. పోయాక కొన్నేళ్ళు బిడ్డలది. ఆ తర్వాత లోకానిది. మీ ముత్తాతగారికి వరస దొరికింది అలాగే కదా!"

రాజు పకపకా నవ్వాడు. పోయాక అరవై ఏళ్ళు బిడ్డలదని, ఆపైన అందరిదీ అని అక్కడికక్కడే శాసనం మార్చాడు. తిప్పనకు జరీ తలపాగా తానే చుట్టాడు. పోలమ్మ కోసం పల్లకీ పంపించాడు.

పోలమ్మ వచ్చి ఉయ్యాల పక్కన కూర్చుని పాట ఎత్తుకుంది. రెండో చరణానికి పిల్లాడు నిద్రపోయాడు. మూడో చరణానికి రాజుగారు కూడా గుర్రుపెట్టారు.