వెన్నచేతుల సిలువగుడి

రండమ్మా, రండి నాయనా. ఎండన పడి గుట్ట ఎక్కి వచ్చారు, ఈ చాపల మీద సర్దుకుని కూర్చోండి. ఇంకొంచెం దగ్గరకు జరగండి, వెనకవాళ్ళకూ వినబడాలి కదా. తుమ్ము వస్తే తుమ్మేయండి, మొహమాటం వద్దు. కింద కల్లాల్లో మిరపకాయ ఎండుతోంది. ఈ గాలి పీల్చి తుమ్మని యాత్రికుడు ఇంతవరకు ఇక్కడికి రాలేదు.

తంగెడుపాలెం గుట్ట మీది ఈ చిన్న దేవాలయంలో మీ కంట మొదట పడేది గుమ్మం పక్కనున్న రాతి తొట్టి. దాని నిండా వెన్న ఉంటుంది. లోపల పీఠం మీద నిలువెత్తు సిలువ, దానిపై వేపకర్రతో చెక్కిన యేసు ప్రభువు స్వరూపం. ఆ పాదాలు ముట్టుకోవాలంటే ముందు చేతులకు వెన్న రాయించుకోవాలి. రాయించుకోవాలి అన్నాను, విన్నారా? ఎవరి చేతికి వారు రాసుకోవడం ఇక్కడ ఆచారం కాదు. పక్కవారే రాయాలి. ఆ పక్కవారు మీకు ముక్కూ మొహం తెలియనివారైతే మరీ మంచిది. ఈ ఆచారం ఎలా వచ్చిందో, వెన్నచేతుల గుడి అన్న పేరు ఎలా కలిగిందో మా పెద్దలు చెప్పినట్టే చెబుతాను.

పూర్వం ఇక్కడ ఉన్నది తాటాకు పాక. నెలకొకసారి గురువులు, అంటే ఫాదరుగారు, బండి కట్టించుకుని వచ్చి పూజ చేసి వెళ్ళేవారు. మిగతా రోజుల్లో జపాలు చెప్పించేది ఉపదేశి రాయప్ప. నిష్ఠ గలవాడు, కంచుకంఠంవాడు. కోపం కూడా కంచులాగే మోగేది.

ఆ ఊళ్ళోనే జోజమ్మ అనే భర్త పోయిన ఇల్లాలు ఉండేది. ఒక గేదె, రెండు చేతులు, అదే ఆమె ఆస్తి. మిరప కోతల కాలమంతా కల్లంలో కూర్చుని కాయలకు తొడిమలు తీసేది. పెద్ద జపాలకు ఆమెకు నోరు తిరిగేది కాదు. నాలుగో మాట దగ్గర తప్పి మళ్ళీ మొదటికి వచ్చేది. అందుకని తనకు చేతనైన భక్తి తాను చేసుకునేది. పని దిగగానే చేతులు కడుక్కుని గుడికి వెళ్ళి, స్వామి పాదాలు రెండు చేతులా పట్టుకుని నిమిరేది. "పొద్దుటి నుంచి నిలబడే ఉన్నావు సామీ, కాళ్ళు లాగుతున్నాయా?" అని అడిగేది. చూసినవాళ్ళు నవ్వుకునేవారు. ఆమెకు మాత్రం రోజంతటికీ ఆ కాసేపే అన్నం, నీళ్ళు.

ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలంలో మొదటి శుక్రవారం వచ్చింది. సిలువమార్గం జపాలు ముగిశాక ఊరంతా వరుసగా స్వామి పాదాలను ముద్దు పెట్టుకోవడం ఆనవాయితీ. మొదట వంగిన పెద్దాయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. రెండో ఆమె వలవలా ఏడ్చింది. పదిమంది అయ్యేసరికి పాకంతా ముక్కులు చీదడమే. "ఇంతటి పశ్చాత్తాపం నా జన్మలో చూడలేదు!" అని గురువులు పరవశించి, తామూ వంగి ముద్దు పెట్టుకుని, మూతి పట్టుకుని నీళ్ళకుండ వైపు పరుగెత్తారు.

సంగతి తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. మిరప ఘాటు నీళ్ళకు లొంగదు. ఏళ్ళ తరబడి తొడిమలు తీసిన చేయి మొద్దుబారి తనకు మంట తెలియదు గాని, ముట్టుకున్నదానికల్లా ఆ మంట అంటిస్తుంది. నెల రోజుల జోజమ్మ ప్రేమంతా ఆ కొయ్య పాదాలకు పట్టి ఉంది.

గురువులు కడుపుబ్బ నవ్వి బండి ఎక్కి వెళ్ళారు. రాయప్ప నవ్వలేదు.

"ప్రభువుకు మేకులు చాలలేదా జోజమ్మా, నువ్వు కారం కూడా పూయాలా?"

"కడుక్కునే ముట్టుకున్నానన్నా!"

"కడిగితే పోయేదైతే నా మూతి ఇట్లా ఎందుకు వాచింది? ఇక గుమ్మం బయటే నీ జపం. ఈస్టరుకు కూడా ఆ పాదాలు ముట్టడానికి వీల్లేదు."

జోజమ్మ లోకం చీకటైంది. రోజూ వచ్చి గుమ్మం బయట నిలబడేది. "నీ కాళ్ళు మండించానా సామీ? అందుకే నన్ను దూరం పెట్టావా?" అని అడిగేది. ఎప్పటికైనా ఉపదేశి మనసు కరిగితే ఆ పాదాలకు రాసి మంట తీయాలని, గేదె వెన్న అమ్మడం మాని ముంతలో దాచింది. ముంతకు తడిగుడ్డ చుట్టి ఎక్కడికి వెళ్ళినా వెంట తీసుకువెళ్ళేది.

ఒక మధ్యాహ్నం కల్లం పందిరి కింద ఆమెకు కునుకు పట్టింది. కలలో ప్రభువు కూలీల వరుసలో కూర్చుని తొడిమలు తీస్తున్నాడు. జోజమ్మ పరుగున వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడబోయింది. ఆయన ఆపాడు. "గుడిలో నా కాళ్ళు కొయ్యవి జోజమ్మా, వాటికి మంట తెలియదు. ఇక్కడ నా చేతులు మండిపోతున్నాయి, చూడు" అన్నాడు.

ఎవరో మూలుగుతుంటే మెలకువ వచ్చింది. ఆమె నిద్రలో ఉండగానే మబ్బు పట్టిందట. వాన పడితే ఏడాది పంట కుళ్ళిపోతుందని ఊరంతా కల్లానికి దిగింది, రాయప్పతో సహా. పుస్తకం పట్టిన మెత్తని చేతులాయె, గంటలోనే కందిపోయాయి. ఆ మూలుగు ఆయనదే. రెండు చేతులూ ఊదుకుంటూ గెంతుతుంటే ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"ఉపదేశిగారూ, పాపాలు గుర్తుకొస్తున్నాయా?"

"నోరు ముయ్యండే! ప్రాణం పోతుంటే పరాచికాలా!"

జోజమ్మ ముంత వైపు చూసింది. అది స్వామి కోసం దాచుకున్న వెన్న. ఈయనేమో తనను స్వామికి దూరం చేసిన మనిషి. ఒక్క క్షణం ఆమె చేయి ఆడలేదు. తరువాత లేచి వెళ్ళి ఆయన ఎదుట కూర్చుంది. "ఇట్లా ఇవ్వన్నా చేతులు" అని వేలు వేలుకూ వెన్న పట్టించి, పాతగుడ్డతో తుడిచి, మళ్ళీ రాసింది.

మంట చల్లారి రాయప్పకు ఊపిరి వచ్చింది. "ఇంత వెన్న కల్లానికి ఎందుకు తెచ్చావమ్మా?"

"సామి కాళ్ళకు రాద్దామని. నువ్వు రానివ్వవుగా."

"మరి నాకెందుకు రాశావు?"

"ఏం చెప్పనన్నా. నీ చేతులు పట్టుకుంటే ఆ కాళ్ళు పట్టుకున్నట్టే ఉంది. ఇంకా దగ్గరగా ఉంది."

రాయప్ప వెన్న అంటిన చేతులతోనే ముంతకు తడిగుడ్డ చుట్టి ఆమెకు అందించాడు.

మర్నాటి నుంచి పాడి ఉన్న ప్రతి ఇల్లాలూ కల్లానికి వెన్న తెచ్చింది. రాయించుకున్నవారు పక్కవారికి రాశారు. ఈస్టరు ఉదయం రాయప్ప స్వామి పాదాలను వెన్నతో తోమి, శనగపిండితో కడిగి, గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఊరందరి ముందూ జోజమ్మను పిలిచి, ఆమె చేతులకు తానే రాశాడు. "పదమ్మా. ఈ రోజు మొదటి ముద్దు నీదే."

నలభై రోజుల ఆకలి ఆమెది. లోపలికి చూసింది, వెనక్కి చూసింది. కల్లం కూలీలంతా బారులు తీరి ఉన్నారు.

"ఉండన్నా. అందరివీ కానీ."

అలా గుమ్మంలో కూర్చుని చివరి చేతి దాకా వెన్న రాసి, అందరూ వెళ్ళివచ్చాక లోపలికి వెళ్ళింది. పాదాలు పట్టుకుంది. పట్టుకుని పకపకా నవ్వింది. "వెచ్చగా ఉన్నాయర్రా! మనిషి కాళ్ళలాగా వెచ్చగా ఉన్నాయి!" ఊరంతా మళ్ళీ లోపలికి ఉరికింది. ముట్టుకున్న ప్రతివారికీ ఆ వెచ్చదనం తెలిసిందని, రాయప్ప అయితే మధ్యాహ్నం దాకా ఆ పాదాలు వదలలేదని మా పెద్దలు చెబుతారు.

నాటి నుంచి ఇక్కడ వరుసలో చివరివారికే దీవెన ఎక్కువని నమ్మకం. పండుగనాడు మీరే చూస్తారు. "ముందు మీరు పదండి", "అబ్బే, మీరే పదండి" అంటూ వెనక్కి తోసుకునే జనాన్ని సర్దలేక మా వాలంటీర్లకు చెమటలు పడతాయి. అన్ని మతాలవారూ వెన్న పంపుతారు. మాటలు మానుకున్న అన్నదమ్ములు ఈ తొట్టి దగ్గర ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. జపం చేస్తున్నా దేవుడు దూరంగా ఉన్నాడని కుమిలినవారు ఇక్కడి నుంచి నవ్వుతూ గుట్ట దిగారు.

మీరు కథంతా మరచిపోయినా పరవాలేదు. ఆమె ముంత విప్పి రాయప్ప ఎదుట కూర్చుంది చూశారూ, ఆ ఒక్క పనీ గుర్తుపెట్టుకోండి. ఇంటికి వెళ్ళాక, జపానికి మోకరించే ముందు, మీ చుట్టూ మండుతున్న చేయి ఎవరిదో చూడండి. వెళ్ళి పట్టుకోండి. ప్రభువు మీకు ఎంత దగ్గరగా వచ్చాడో అప్పుడు తెలుస్తుంది.

ఇక లేవండి. పక్కవారి చేయి అందుకోండి.