శౌరమ్మ మోగించని గంట

రైలు రాకముందు, రోడ్డు పడకముందు, మా అవ్వకు అవ్వ పుట్టకముందు జరిగిన మాట ఇది. విన్నవాళ్ళు నాకు చెప్పారు. నేను మీకు చెబుతున్నాను.

నల్లబండ ఊరి బయట గుట్ట మీద ఒక మఠం ఉండేది. అందులో పదకొండుమంది కన్యస్త్రీలు. ఒకసారి లోపలికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ బయటికి రారు. పగలూ రాత్రీ లోకం కోసం జపం చేస్తారు, అంతే. సెంటు భూమి ఉంచుకోరు. రేపటికని గింజ దాచుకోరు. ఫలానాది కావాలని అడగరు. ఊరు పెట్టింది తింటారు.

ఏమీ లేనినాడు మాత్రం ఒక చిన్న గంట కొడతారు. దాన్ని ఆకలిగంట అనేవాళ్ళు. అది వినబడితే చాలు, ఏ కులంవాళ్ళైనా, ఏ దేవుణ్ణి మొక్కేవాళ్ళైనా, పొయ్యి మీదున్నది దించి పట్టుకొచ్చేవాళ్ళు.

ఆ గంట కొట్టే పని శౌరమ్మది. ఆమెకు చదువు రాదు. లాటిను పాటలకు నోరు తిరగదు. అందుకని వంటా, ఊడ్చే పనీ, గోడలో ఉన్న తిరుగుడు పెట్టె పనీ ఆమెకు అప్పజెప్పారు. బయటివాళ్ళు ఆ పెట్టెలో గింజలు పెట్టి తిప్పితే లోపలికి వస్తాయి. మాట వినబడుతుంది, ముఖం కనబడదు.

ఒక ఏడు వాన సరిగా పడలేదు. రెండో ఏడు చినుకు రాలలేదు. మూడో ఏడు మబ్బే పట్టలేదు.

ఒకరోజు చంటిబిడ్డ తల్లి జోజమ్మ పెట్టె దగ్గరికి వచ్చింది. రోజూ ఏదో ఒకటి తెచ్చే మనిషి.

"అమ్మగారూ, ఇవ్వాళ ఉత్త చేతులతో వచ్చాను. ఇంట్లో విత్తనం జొన్నలొక్కటే ఉన్నాయి. గంట కొట్టండి, అవే తెస్తాను. ఊరంతా అదే అనుకున్నాం."

"అవి కూడా తెస్తే, రేపు వాన పడితే ఏం చల్లుతారు తల్లీ?"

"గంట విని ఊరుకుంటే మాకు పుట్టగతులుంటాయా అమ్మగారూ?"

శౌరమ్మ ఖాళీ పెట్టెను లోపలికి తిప్పుకుంది.

ఆ సాయంత్రం మఠంలో గింజ అయిపోయింది. పెద్దకన్యస్త్రీ ఆరోగ్యమ్మ, అందరూ మదరమ్మ అనే ఆవిడ, "శౌరీ, గంట కొట్టు" అంది.

శౌరమ్మ వెళ్ళి తాడు పట్టుకుంది. పట్టుకుని చాలాసేపు నిలబడింది. లాగలేదు. తిరిగొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది.

"మదరమ్మగారూ, ఈ తాడు లాగితే వచ్చే ఏటి పంటంతా మన వాకిట్లోకి వచ్చి పడుతుంది. వాళ్ళ దగ్గర విత్తనాలే ఉన్నాయి. మీ మాట జవదాటనని ప్రమాణం చేసినదాన్ని. మీరు మళ్ళీ కొట్టమంటే కొడతాను."

ఆరోగ్యమ్మ మిగిలిన కన్యస్త్రీల వైపు చూసింది. ఒక్కొక్కరే తల అడ్డంగా ఊపారు.

"గంట వద్దు" అంది.

పెరట్లో మునగచెట్లున్నాయి. ఆ ఆకు ఉడికించి, ఆ నీళ్ళే తాగారు.

మొదటి వారం జోజమ్మ వచ్చింది. "తిన్నారా అమ్మగారూ?"

"దేవుడిచ్చింది తిన్నాం తల్లీ." పెట్టె తిరిగింది. అందులో ఒక ముంత ఆకునీళ్ళు. "పాలిచ్చేదానివి. రోజూ వచ్చి తాగిపో."

రెండో వారమూ అదే మాట, అదే ముంత. మూడో వారమూ అదే మాట, అదే ముంత. గొంతు మాత్రం సన్నబడింది. జోజమ్మ ఊళ్ళోకి వెళ్ళి, "లోపల కలిగే ఉందిలే, మనకే పెడుతున్నారు" అంది. ఊరు ఊపిరి పీల్చుకుంది. విత్తనాల కుండల జోలికి ఎవరూ పోలేదు.

ఇరవై రెండో రోజు వాన పడింది. ఊరంతా చేలల్లోకి పరుగెత్తింది. విత్తనం చల్లి, బురదకాళ్ళతోనే జోజమ్మ గుట్ట ఎక్కింది.

"అమ్మగారూ! వాన! విన్నారా?"

లోపలి నుంచి వేరే గొంతు పలికింది. "విన్నాం తల్లీ. శౌరమ్మ కూడా వింది. విన్నాకే పోయింది."

"పోయిందా? ఏం జబ్బమ్మా?"

ఆరోగ్యమ్మకు అబద్ధం చేతకాదు. "జబ్బు కాదు. మూడు వారాలుగా ఇక్కడ గింజ లేదు. తన వంతు ఆకునీళ్ళు నీకిచ్చింది. నాకు తెలుసు. వద్దనలేదు. ఆ బరువు నాది."

జోజమ్మ గోడకు తల ఆనించి అక్కడే కూలబడింది. "మరి గంటెందుకు కొట్టలేదమ్మా?"

"మీరు ఇవ్వాళ చల్లడానికి."

ఆ సాయంత్రం ఊరంతా గుట్ట ఎక్కింది. విత్తగా మిగిలిన గుప్పెడు జొన్నలు, చింతపండు, బెల్లంముక్క, ఎవరికి ఉన్నది వాళ్ళు పెట్టెలో పెట్టారు. లోపల మట్టి తవ్వుతున్న చప్పుడు వింటూ గోడ ఇవతల నిలబడ్డారు.

"ఆమె ముఖం ఎట్లా ఉంటుందమ్మా?" అని జోజమ్మ అడిగింది.

"చిన్న ముఖం. ఎడమ కనుబొమ్మ మీద కాలిన మచ్చ."

ఆ ఏడు జొన్న విరగపండింది. కోత కోసిన ప్రతి ఇల్లూ మొదటి మానెడు గింజలు తిరుగుడు పెట్టెలో పోసింది. ఇప్పటికీ పోస్తారు. ఆకలిగంట మోగే రోజు మళ్ళీ రానివ్వలేదు.

ఇంకొకటి కూడా ఉంది. నల్లబండలో "తిన్నావా?" అని అడిగినప్పుడు "ఆ, తిన్నాను" అంటే ఎవరూ నమ్మరు. నేరుగా వంటింట్లోకి వచ్చి కుండ మూత తీసి చూస్తారు. ఖాళీగా ఉంటే ఏమీ అనకుండా ఇంటికి వెళ్ళి తెస్తారు. దానికి ఆ ఊళ్ళో ఎవరూ చిన్నబుచ్చుకోరు.