మినుకు చెంప మీద ఏడో చుక్క

కొండపల్లిలో తిరుపతిరాజు అని బొమ్మలకు రంగులు వేసే పనివాడు ఒకడుండేవాడు. చెయ్యి బంగారమే గానీ, ఎవరి పనిలోనైనా వంకర కనిపిస్తే అడగకుండా దిద్దేయడం అతని జబ్బు. పెళ్ళికి వెళితే పందిట్లో తోరణం సరిచేసేవాడు. మంగలి షాపుకు వెళితే గోడమీద క్యాలెండర్ మేకు పీకి మళ్ళీ కొట్టేవాడు. ఒకసారి పక్కింటావిడ ముగ్గులో గీత వంకరపోయిందని, ఆవిడ చూస్తుండగానే కూర్చుని చెరిపి గీశాడు. ఆవిడ ఏమందో ఇక్కడ రాయడం బాగుండదు.

అతని వదిన సుభద్రమ్మ పన్నెండు మంది పనివాళ్ళతో బొమ్మల కార్ఖానా నడిపేది. ఒక ఏడాది ఆమెకు ఎన్నడూ రాని పని వచ్చింది. పిల్లలు టీవీలో విరగబడి చూసే ‘మబ్బుల ఊరు’ అనే కార్టూన్‌లో మినుకు అనే చిరుతపులి కూన ఉంది. ఆ కార్టూన్ తీసేవాళ్ళు ఆ కూన బొమ్మలు రెండు వందలు చెక్కతో కావాలన్నారు. అవి ఆడుకుని పారేసేవి కావు, అద్దాల బీరువాలో పెట్టి దాచుకునేవి. బాగా కుదిరితే ఆ కార్టూన్‌లోని మిగతా జంతువులన్నీ కొండపల్లికే వస్తాయి. కుదరకపోతే ప్లాస్టిక్ ఫ్యాక్టరీకి పోతాయి. పన్నెండు కుటుంబాల ఏడాది పని ఆ కూన మొహం మీద ఆధారపడి ఉంది.

కార్టూన్ గీసిన నీలవేణి అనే అమ్మాయి, ఏ రంగు ఎక్కడ వేయాలో చూపిస్తూ పెద్ద కాగితం పంపింది. ముందు నుంచి, వెనక నుంచి, రెండు పక్కల నుంచి మినుకు అందులో ఉంది.

“ఉన్నది ఉన్నట్టు దింపు మరిదీ. నీ తెలివి ఇక్కడ చూపించకు,” అంది సుభద్రమ్మ.

ఆ వీధిలో ఒక పద్ధతి ఉంది. రంగు ఆరాక బొమ్మను వెలుతురుకు ఎదురుగా నిలబెట్టి, కుడిచెంపా ఎడమచెంపా పోల్చి చూస్తారు. రెండూ సమానంగా లేకపోతే ఆ బొమ్మ గడప దాటదు. తిరుపతిరాజు నలభై ఏళ్ళుగా అలాగే చూస్తున్నాడు. కాగితాన్నీ అలాగే చూశాడు. మినుకు ఎడమచెంప మీద ఏడు చుక్కలున్నాయి. కుడిచెంప మీద ఆరే ఉన్నాయి.

“పాపం, ఆ అమ్మాయి లెక్క తప్పింది వదినా!” అన్నాడు సంబరంగా.

“ఫోన్ చేసి అడగరాదూ?”

“ఒక్క చుక్కకు ఫోనెందుకు? మనమే మంచి చేసి పంపితే సంతోషిస్తుంది.”

రెండు వందల కూనలకూ ఏడో చుక్క పెట్టాడు. ఎంత బాగా పెట్టాడంటే, అద్దంలో చూసినట్టు రెండు చెంపలూ ఒక్కలా ఉన్నాయి. చూసుకుని తానే మురిసిపోయాడు.

బెజవాడలో ఒక హాల్లో బొమ్మలు పంచే రోజు వచ్చింది. నలభై మంది పిల్లలు వరుసలో నిలబడ్డారు. నీలవేణి కూడా వచ్చింది. మొదటి బొమ్మను వెన్నెల అనే ఎనిమిదేళ్ళ పిల్ల అందుకుంది. ఆ పిల్ల తోక చూడలేదు, నిగనిగలాడే వీపు చూడలేదు. కుడిచెంప తన వైపు తిప్పుకుని, వేలితో ఒక్కొక్క చుక్కనూ తాకుతూ లెక్కపెట్టింది. ఆ పిల్ల మొహం వాడిపోయింది.

“ఇది మినుకు కాదు,” అని బొమ్మను బల్లమీద పెట్టేసింది.

తరవాతి పిల్లవాడు తీసుకున్నాడు. వాడూ కుడిచెంపే తిప్పాడు, లెక్కపెట్టాడు, పెట్టేశాడు. ఆ వెనక పిల్లా అంతే. తిరుపతిరాజు బల్ల దగ్గరికి వచ్చాడు. తను చేసిన బొమ్మను ఇంత శ్రద్ధగా చూసినవాళ్ళను అతను పుట్టి ఎరగడు.

“అక్కడ ఒకటి తక్కువైతే నేనే దిద్దానమ్మా,” అన్నాడు మెల్లిగా.

వెన్నెల అతని వైపు జాలిగా చూసింది. “తాతా, నువ్వు ఆ కథ చూళ్ళేదా?”

నీలవేణి కోప్పడలేదు. హాల్లోని తెరమీద ఆ భాగం వేయించింది. ముసురు పట్టిన ఆకాశంలో చుక్క అన్నది లేదు. కొంగల గుంపు ఒకటి దారి తప్పి, పిల్లలతో సహా గాలివానలో గిరగిరా తిరుగుతోంది. కింద కొండ కొమ్మున మినుకు ఒంటరిగా నిలబడి ఉంది. చాలాసేపు పైకి చూసింది. తరవాత కుడిచెంప మీద నుంచి ఒక చుక్క పీకి, బలమంతా పెట్టి ఆకాశంలోకి విసిరింది. అది పైకి, ఇంకా పైకి వెళ్ళి వెలిగింది. కొంగలన్నీ ఒక్కసారిగా అటు తిరిగాయి. ఇరవై సార్లు చూసిన పిల్లలే ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

తిరుపతిరాజుకు ఒళ్ళు గగుర్పొడిచింది. తెలియకుండానే చేతులు జోడించాడు. నలభై ఏళ్ళలో ఎన్ని వేల మొహాలు వేశాడో గానీ, ఒక మొహం మీద లేని చుక్క ఇంత వెలుగుతుందని అతను ఎన్నడూ అనుకోలేదు.

“అది దానం చేసిన చుక్కను నేను వెనక్కి లాక్కొచ్చి చెంపకు అంటించాను,” అన్నాడు.

పిల్లలు ఆ రోజు వట్టి చేతులతో ఇళ్ళకు వెళ్ళారు. మిగతా జంతువుల మాట ఎవరూ ఎత్తలేదు. సుభద్రమ్మ దారంతా పన్నెండు మంది కూలి లెక్క వేళ్ళమీద వేసుకుంటూ కూర్చుంది. ఆమె తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

చుక్కమీద కూన ఒంటి పసుపు రంగు పూసి కప్పినా మచ్చ కనబడుతుంది. అందుకని తిరుపతిరాజు రెండు వందల తలలూ చెక్క తేలేదాకా గీకి, మళ్ళీ సుద్ద పూసి, మళ్ళీ రంగు వేశాడు. నీలవేణిని అడిగి తీసుకున్న పదిహేను రోజుల గడువులో ఎవరి సాయమూ తీసుకోలేదు. మళ్ళీ అదే హాలు, అదే వరుస. వెన్నెల బొమ్మను అందుకుని కుడిచెంప తిప్పింది. “ఒకటి, రెండు...” తిరుపతిరాజు పెదవులు కూడా ఆ పిల్లతో పాటే కదిలాయి. ఆరు దగ్గర వేలు ఆగింది. వెన్నెల బొమ్మను గుండెకు హత్తుకుంది. అతను మొహం పక్కకు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

నెల తిరక్కుండానే రెండో కాగితం వచ్చింది. ఈసారి గుడ్లగూబ. ఎడమ రెక్క అంచున నీలం ఉంది, కుడి రెక్కకు లేదు. తిరుపతిరాజు చెయ్యి కుంచె దాకా వెళ్ళింది. కాస్త ఆగి, ఫోన్ అందుకుంది.

“అమ్మా నీలవేణీ, ఈ గుడ్లగూబ తన నీలం ఎవరికిచ్చింది?”

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. ఆ పైన నవ్వు వినిపించింది. “ఎవరికీ ఇవ్వలేదు రాజుగారూ! అది నేనే మరిచిపోయాను. మీరే దిద్దండి.”

నీతి: ఎదుటివారి పనిలో మనకు తప్పుగా తోచింది తప్పే కావచ్చు, గొప్ప కథా కావచ్చు; దిద్దే ముందు అడిగి తెలుసుకోవాలి.