కాళ్లు లెక్కపెట్టని కాపలా చీమ

అనగనగా ఒక అడవి. ఆ అడవినిండా చీమలే. చీమలన్నీ ఒకటేనని మనం అనుకుంటాం. చీమల ముందు మాత్రం ఆ మాట అనకండి పిల్లలూ, కుడతాయి. చలిచీమ వేరు, ఎర్రచీమ వేరు, గండుచీమ వేరు. గండుచీమల్లో మళ్లీ ఒక్కో పుట్టకి ఒక్కో వాసన. చీమకి కంటిచూపు అంతంతమాత్రం. మీసాలతో తడిమి, వాసన పట్టి, తనవాళ్లో పరాయివాళ్లో తేల్చుకుంటుంది.

ఒక ఇప్పచెట్టు మొదట్లో గండుచీమల పుట్ట ఉండేది. గుమ్మం దగ్గర కాపలా నూకాలు అనే చీమది. తన మీసాలంత గట్టి మీసాలు ఇంకెవరికీ లేవని దానికి మహా గర్వం. మన వాసన వస్తే లోపలికి, పరాయి వాసన వస్తే బయటికి, పీనుగ వాసన వస్తే దిబ్బ మీదికి. అంతే, ఇంకో మాట లేదు. చచ్చినవాళ్లని మోసుకెళ్లి దూరంగా దిబ్బ మీద పడెయ్యడం చీమల ఆచారం మరి.

నూకాలు చెల్లెలు పైడి. దాన్ని నోట్లో నోరు పెట్టి, చుక్క చుక్కా తినిపించి పెంచింది నూకాలే. పైడిది పీనుగుల్ని మోసే పని. ఒకరోజు దిబ్బ మీద, చచ్చిన చీమల అడుగున ఏవో తెల్లటి తొక్కలు కనిపించాయి. పీనుగుల్ని తవ్వుకుంటూ దిగి చూసింది. అవి తమ పుట్టలోని పసిపిల్లలవే. ఎవరో పీల్చి పారేశారు! అంతలో ఒక సాలీడు వచ్చి ఇంకో తొక్క విసిరింది. చూడ్డానికి అచ్చం గండుచీమే. ముందరి కాళ్లు రెండూ పైకెత్తి మీసాల్లా ఆడిస్తోంది.

పైడికి పై ప్రాణం పైనే పోయింది. గుమ్మం దగ్గరికి ఒకటే పరుగు.

“అప్పా! సాలీడు సీమ వేసం కట్టుకుని లోపలికొస్తంది. మన పిల్లల్ని తినేస్తంది. కాళ్లు లెక్కెట్టు, తెలిసిపోద్ది. మనకి ఆరు, దానికి ఎనిమిది!”

నూకాలు మీసాలతో తడిమింది. “పీనుగ వాసనొస్తన్నావు” అంది.

“దిబ్బలో దూరాను, అంటుకుంది. నాను బతికే ఉన్నానప్పా. మాటాడతన్నాను గదా!”

“అది నీ నోరు సెప్పే మాట. నా మీసాలు అలా సెప్పట్లేదు.”

పైడిని కరుచుకుని తీసుకెళ్లి దిబ్బ మీద పడేసింది.

పైడి ఒళ్లంతా నాక్కుని మళ్లీ వచ్చింది. పీనుగ వాసన మాత్రం ఇంకా పూర్తిగా వదల్లేదు. సరిగ్గా అప్పుడే సాలీడు కూడా వచ్చింది. నూకాలు తడిమితే కమ్మగా తమ పుట్ట వాసన, పసిపిల్లల వాసన. “రా తల్లీ, లోపలికి రా” అంది.

“అదే అప్పా! కాళ్లు లెక్కెట్టు!” అని పైడి అరిచింది.

నూకాలుకి ఒళ్లు మండింది. “మన వాసనొచ్చేవోళ్ల కాళ్లు లెక్కెడతారేటే? మర్యాదేనా?” అని పైడిని మళ్లీ దిబ్బ మీదికి లాక్కుపోయింది.

మూడోసారి పైడి అక్క కాళ్లు పట్టుకుంది. “నన్ను నమ్మకు. పిల్లల గదిలోకెళ్లి ఒక్కసారి సూసిరా, సాలు.”

నూకాలు మనసు ఒక్క క్షణం కరిగింది. అది తను పెంచిన గొంతే. కానీ తోటి కాపలా చీమలు చూస్తున్నాయి. పీనుగ మాట విందని నలుగురూ నవ్వరూ? చెల్లెలి కాళ్లు పటపటా కొరికేసి దిబ్బ మీదికి విసిరేసింది. మీకెలా ఉందో గానీ, నాకు ఆ నూకాలు మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు.

పొద్దు వాలేసరికి లోపల్నుంచి దాదులు గొల్లుమన్నాయి. పిల్లల గది ఖాళీ. ఒక్క పిల్లా లేదు, ఒక్క గుడ్డూ లేదు. వేలాడే పొట్టతో సాలీడు బయటికొస్తోంది. నూకాలు అప్పుడు లెక్కపెట్టింది. ఎనిమిది.

“మా వాసన నీకెలాగొచ్చిందే?” అంది.

“మీ పిల్లల్ని తిన్నాను గదా, రాదేటి? నా కాళ్లు నానేటీ దాసుకోలేదు. నువ్వే లెక్కెట్టలేదు” అని సాలీడు ఇప్పకొమ్మ మీదికి గెంతి పోయింది.

నూకాలు దిబ్బకి పరుగెత్తింది. కాళ్లు లేకపోయినా పైడి నోరు అందినంత మేరా ఒళ్లు నాక్కుని శుభ్రం చేసుకుని పడి ఉంది. నూకాలు తడిమి చూసింది. పీనుగ వాసన లేదు. చక్కగా తమ పుట్ట వాసనే వస్తోంది. “బతికే ఉంది నా సెల్లి!” అనుకుంది. ఇప్పుడే పోయిన చీమకి పీనుగ వాసన రాదు పిల్లలూ, దానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

మాట్లాడే చెల్లెల్ని పీనుగ అంది నూకాలు. ఇప్పుడు పీనుగ నోట్లో నోరు పెట్టి, చుక్క చుక్కా తినిపిస్తూ, “ఒక్క మాటాడవే పైడీ” అని బతిమాలుతోంది.

నీతి: మన వాసన ఉందని ఎవరినీ గుడ్డిగా నమ్మకూడదు. లేదని, చెప్పే మాట వినకుండా ఎవరినీ తోసెయ్యకూడదు.