చెంగయ్య నోము

ఆ అడవిలో కొమ్మకొమ్మకూ చెవులుండేవి. తోడేలు దొరగారు చెట్టుకో చిలకను కూర్చోబెట్టారు మరి! పగలంతా విన్నది సాయంత్రం కొలువులో పొల్లుపోకుండా అప్పజెప్పడం వాటి ఉద్యోగం. జీతం జామపళ్లు.

కుందేలు తులసమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు చెంగయ్య. ఓ వేసవిలో దొరగారు వాగుకు కాపలా పెడితే, "వాగు మీ తాతగారు తవ్వించారా దొరా?" అన్నాడు. ఆ పూటే గుహకు పిలిపించారు. మళ్లీ రాలేదు. "వాడి పేరు పలికిన నాలుక నాది" అన్నారు దొరగారు.

మేనమామ పేరైనా తెలియకుండా పిల్లలు పెరిగారు, ఇప్పుడు మనవలూ పెరుగుతున్నారు. తను కూడా కన్ను మూస్తే తమ్ముడు పుట్టనట్టే అయిపోతాడని తులసమ్మ దిగులు. దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఓ మంగళవారం నోము పట్టింది.

"చిలకమ్మా, పైనుంచి ఎందుకమ్మా మెడ నొప్పెట్టేలా వింటావు? దిగి రా. అక్షింతలు పట్టుకో."

"నోమా పిన్నీ? ప్రసాదం ఏమిటి?"

"చిమ్మిలి. కానీ సగం విని లేస్తే దోషం. విన్న కథ నలుగురికీ చెప్పకపోయినా దోషమే."

"చెప్పడమే కదా నా పని!" అని చిలక దిగింది.

తులసమ్మ చెంగయ్య కథంతా పేరుతో సహా చెప్పి, "భక్తి తప్పినా ఫలం తప్పకూడదు" అని అక్షింతలు వేసుకుంది. చిలక చిమ్మిలి మింగి, దొంగ దొరికిందని కొలువుకు ఎగిరింది. అడవి అంతా కూడిన చోట గొంతెత్తి మొదలుపెట్టింది. "అనగనగా చెంగయ్య..." ఆఖరికి "ఫలం తప్పకూడదు" కూడా వదల్లేదు.

దొరగారు పళ్లు కొరికారు. "ఎవరే ఆ పేరు పలికింది?"

"తులసమ్మ పిన్నండీ!"

గుంపులోంచి తులసమ్మ ముందుకొచ్చి చేతులు జోడించింది. "నేను చిలకమ్మ ఒక్కతి చెవిన వేశాను దొరా. ఇందరిలో చాటింది తనే. ముందు ఎవరి నాలుక?"

చిలక గోలపెట్టింది. "అయ్యో, నాది నోరు కాదండీ, చెవి!" మిగతా చిలకలు రెక్కలు సర్దుకున్నాయి, ఎగిరిపోవడానికి.

"ఆపండి!" దొరగారు గర్జించారు. "ఇంకెవరైనా చెంగయ్య పేరు ఎత్తారో..."

వెనక నుంచి ముళ్లపంది మెల్లగా అడిగింది. "మరి దొరగారి నాలుక ఎవరిదండీ?"

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఆగలేదు. నాలుకల ఆజ్ఞ ఆ నవ్వులోనే కొట్టుకుపోయింది. దొరగారు మాత్రం పట్టు విడవలేదు. "చెంగయ్య లేడు, ఎన్నడూ లేడు" అని పొద్దున్నే చెట్టుచెట్టునా అరవమని చిలకలకు కొత్త హుకుం ఇచ్చారు.

ఆ అరుపులకు నిద్రలేచిన తులసమ్మ మనవలు కళ్లు నులుముకుంటూ అడిగారు. "లేనివాడి కోసం ఇంత గోలా? ఎవరే నానమ్మా ఆ చెంగయ్య?"

మరిచిపొమ్మని చాటే నోరే ముందుగా గుర్తు చేస్తుంది.